హాల్లో పెత్తనం ఎవరిది: స్మార్ట్ టీవీదా, పీఎస్5దా?

పర్లాకిమిడి_కుర్రాడు

మా ఇంట్లో వారం రోజులుగా ఇదే పంచాయితీ, మీరే తేల్చండి. హాల్లో ఉన్నది పాత 32 అంగుళాల టీవీ, స్మార్ట్ కాదు. దానికి నా పీఎస్5, అదే సోనీ గేమ్ కన్సోల్, తగిలించి ఉంది. గేమ్‌లే కాదు, యూట్యూబ్, నెట్‌ఫ్లిక్స్, ప్రైమ్ అన్నీ అందులోనే చూస్తున్నాం. ఇప్పుడు తెర మీద నిలువు గీత పడింది. నాన్న 43 అంగుళాల స్మార్ట్ టీవీ కొందామంటున్నారు. అక్కడితో ఆగితే గొడవే లేదు. "అన్నీ టీవీలోనే వస్తాయి కదా, ఆ తెల్ల పెట్టె అమ్మేయ్, ఆ డబ్బు దీనికి కలుపుదాం" అంటున్నారు.

నేననేది ఏంటంటే, టీవీకి తెర బాగుంటే చాలు, బుర్ర పీఎస్5లో ఉంది. 2000లో వచ్చిన పీఎస్2 కూడా డీవీడీలు ఆడించింది. పీఎస్3 బ్లూరే ఆడించింది. ఈ పని కన్సోల్ ఎప్పటినుంచో చేస్తోంది, స్మార్ట్ టీవీ నిన్నగాక మొన్న వచ్చింది. కాదంటారా?

బరంపురం_టీచరమ్మ

కాదనే అంటాను బాబూ. నువ్వు చెప్పినదాంట్లో మీ అమ్మగారు ఎక్కడా లేరే!

మా అబ్బాయి కూడా ఇలాగే అన్నీ కన్సోల్‌లో పెట్టాడు. సీరియల్ చూస్తుంటే పాలు పొంగే వాసన వస్తుంది, కంట్రోలర్ టీపాయ్ మీద పడేసి పరిగెత్తుతాను. అడుగున ట్రిగ్గర్ బటన్ టీపాయ్‌కి నొక్కుకుని సీరియల్ ముందుకి పరిగెత్తేది. నేను తిరిగొచ్చేసరికి అత్త కోడల్ని తిట్టడం అయిపోయి, కోడలు పుట్టింట్లో ఉండేది! వెనక్కి తిప్పడానికి ఏ బటనో తెలిసేది కాదు, కాలేజీ నుంచి వాడొచ్చేదాకా ఆగాలి.

ఇంకో సంగతి. మా మనవరాలు ఒడియా మీడియం. ఇంట్లో తెలుగు గడగడా మాట్లాడుతుంది గానీ అక్షరం ముక్క చదవలేదు. టీవీ కొన్నాక రిమోట్‌లో మైకు నొక్కి, "తాతయ్యా, నీకు ఏ పాట కావాలి" అని అడిగి మరీ పెడుతోంది. మన ఒడిశా-ఆంధ్రా సరిహద్దు ఇళ్లలో చాలామంది పిల్లలది ఇదే పరిస్థితి. మీ నాన్నగారు చెప్పిందే కరెక్ట్.

రాయగడ_టీవీ_రిపేర్లు

టీచరమ్మ గారూ, మీ అబ్బాయిని పీఎస్5 సెట్టింగ్స్‌లో హెచ్‌డీఎంఐ డివైస్ లింక్ ఆన్ చేయమనండి. టీవీలో కూడా ఆ సౌకర్యం ఉంటే టీవీ రిమోట్‌తోనే పీఎస్5 మెనూ తిప్పొచ్చు. ఇది తెలియక చాలామంది కంట్రోలర్‌తో కుస్తీ పడుతుంటారు.

తమ్ముడూ, నీ మాటలో సగం నిజం. నా బల్ల మీదికొచ్చే స్మార్ట్ టీవీల్లో చాలావాటికి తెర బంగారంలా ఉంటుంది, బుర్రే ముసలిదైపోతుంది. చవక రకాల్లో స్టోరేజీ 8 జీబీ, అందులో సగం పైగా దాని సొంత సాఫ్ట్‌వేరే తింటుంది. నాలుగు యాప్‌లు వేసి రెండుసార్లు అప్‌డేట్ చేస్తే రిమోట్ నొక్కాక టీ తాగి రావచ్చు. పెద్ద కంపెనీలదీ అదే కథ. 2010, 2011 నాటి కొన్ని శామ్‌సంగ్ స్మార్ట్ టీవీల్లో 2019 డిసెంబరు నుంచి నెట్‌ఫ్లిక్స్ ఆగిపోయింది. నాలుగేళ్లకు టీవీ మార్చక్కర్లేదు, వెనకాల యాప్‌లు నడిపే ఒక స్ట్రీమింగ్ స్టిక్ గుచ్చితే చాలు. నన్నడిగితే మీ ఇద్దరినీ ఓడించేది ఆ వేలెడంత స్టిక్కే.

పర్లాకిమిడి_కుర్రాడు

చూశారా! టీవీ బుర్ర నమ్మకూడదని అన్నే చెప్తున్నాడు.

గుణుపురం_బావ

నీకు కావాల్సిన ముక్కే వినపడుతుంది కదా. కన్సోల్ హాల్ ఏలాలని చూసి బోర్లా పడ్డ కథ విను. 2013 మేలో మైక్రోసాఫ్ట్ ఎక్స్‌బాక్స్ వన్ చూపించింది. గేమ్‌ల కంటే టీవీ గురించే ఎక్కువ చెప్పారు. కేబుల్ బాక్స్ వైరు కన్సోల్‌లో గుచ్చు, కినెక్ట్ కెమెరాతో మాట్లాడు, ఛానెల్ మారుతుంది. ఆ కెమెరా కలిపి 499 డాలర్లు. సోనీ పీఎస్4 399కే పెట్టి, ఇది గేమ్‌లు ఆడే పెట్టె అంది. ఎవరు ఎక్కువ అమ్ముకున్నారో నీకు తెలుసు. గేమ్‌లు ఆడేవాడికి టీవీ పెత్తనం అక్కర్లేదు, టీవీ చూసేవాడికి గేమ్ పెట్టె అక్కర్లేదు.

అలాగని టీవీ కూడా గేమ్‌లను మింగలేదులే. కన్సోల్ లేకుండా నెట్ మీదే గేమ్‌లు ఆడించే గూగుల్ స్టాడియా 2019 నవంబరులో మొదలై 2023 జనవరి 18న మూతపడింది. మన దేశానికి రానే లేదు. 2022లో శామ్‌సంగ్ టీవీల్లోకి ఎక్స్‌బాక్స్ యాప్ వచ్చింది, కన్సోల్ లేకుండానే ఆడొచ్చు. వినడానికి బాగుంది. సెకనుకు 60 బొమ్మలంటే బొమ్మకి 16 మిల్లీసెకన్లు చిల్లర. నువ్వు నొక్కిన బటన్ ఎక్కడో సర్వర్‌కి వెళ్లి, బొమ్మై తిరిగి రావాలి. మా దగ్గర వానాకాలంలో ఘాట్‌లో ఒక చెట్టు పడి కేబుల్ తెగితే సాయంత్రం దాకా నెట్ ఉండదు. అప్పుడు ఆ టీవీ గోడకి బొమ్మ, నీ డిస్కు మాత్రం తిరుగుతుంది. నాన్నగారికి ఈ పాయింట్ చెప్పు.

రాయగడ_టీవీ_రిపేర్లు

కరెంటు సంగతి ఎవరూ ఎత్తలేదేం? 2018లో తిత్లీ తుఫాను తర్వాత గజపతి జిల్లాలో ఎన్ని ఊళ్లు చీకట్లో ఉన్నాయో మర్చిపోయారా? మామూలు రోజుల్లో కోతలు సరేసరి. 43 అంగుళాల టీవీ వంద వాట్లకు అటూ ఇటూ లాగుతుంది, చిన్న ఇన్వర్టర్ మీద నడిచిపోతుంది. పీఎస్5 పెద్ద గేమ్ ఆడిస్తుంటే అదొక్కటే రెండు వందల దాకా లాగుతుంది. కరెంటు టక్కున పోతే తర్వాత ఆన్ చేసినప్పుడు స్టోరేజీ సరిచేసుకుంటూ కూర్చుంటుంది. సీరియల్ కోసం ఆ ఏనుగుని రోజూ లేపడం దండగ.

బరంపురం_టీచరమ్మ

కొనేదైతే 32 అంగుళాలు దాటిందే కొనండి. 2025 సెప్టెంబరు 22 నుంచి పెద్ద టీవీల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గించారు. పాత లెక్కలో 32,000 అయ్యేది 29,500కి రావాలి. షాపువాడు పాత రేటు చెప్తే బిల్లులో పన్ను ఎంత వేశాడో చూపించమనండి.

పర్లాకిమిడి_కుర్రాడు

అయిపోయింది. 43 అంగుళాలది వచ్చింది. పీఎస్5 అమ్మలేదు. కాకపోతే షరతు పెట్టారు, రాత్రి తొమ్మిది తర్వాతే నాది. ఘాట్‌లో చెట్టు పాయింట్ చెప్తే నాన్న నవ్వి ఊరుకున్నారు గానీ, రాయగడ అన్న ఇన్వర్టర్ లెక్క చెప్పాక సీరియల్స్ అన్నీ టీవీ యాప్‌లోకి మార్చేశాను, ఆ ముక్క ఒప్పుకుంటాను. టీవీలో గేమ్ మోడ్ ఆన్ చేస్తే బటన్ నొక్కినదానికీ తెర మీద కదిలేదానికీ తేడా బాగా తగ్గింది, పాత టీవీలో ఇంత బాగా ఎప్పుడూ ఆడలేదు.

నిన్న తొమ్మిదిన్నరకి మ్యాచ్ మంచి టెన్షన్‌లో ఉండగా అమ్మ రిమోట్ తీసుకుని మైకు నొక్కి, "ఒరేయ్ ఇంక ఆపరా" అంది. టీవీ నా గేమ్ పక్కకి నెట్టేసి, యూట్యూబ్‌లో "ఒరేయ్ ఇంక ఆపరా" అని వెతికి ఇరవై వీడియోలు పెట్టింది. అమ్మ అందులో మూడు చూసింది.