అప్‌డేట్: వియత్నాంలో మాంసం, చేప లేని తిండి దొరికింది

శాకాహారులం, బ్యాక్‌ప్యాక్‌లతో వియత్నాం వెళ్తే ఏం తినాలని పోయిన నెల అడిగాను కదా. మొన్ననే తిరుపతి చేరాం. సలహాలిచ్చిన అందరికీ థాంక్స్.

పనిచేసింది ఒక్కటే: 'అన్ చై' అని వాళ్ల లిపిలో ఫోన్‌లో రాసి చూపించడం. చై అంటే మన టీ కాదు, శాకాహారం. నోటితో చెబితే మన పలుకు వాళ్లకు అర్థం కాలేదు. హనోయిలో మొదటి రోజు మాంసం ముక్కలు తీసేసి ఇమ్మన్నాం. పొగలు కక్కుతూ ఫో అనే నూడుల్స్ సూప్ వచ్చింది. ఆ నీళ్లే ఎముకలు ఉడికించినవని మా ఆయన రెండు చెంచాలు తాగాక తెలిసింది! కూరగాయల వేపుళ్లలోనూ చేప సాస్ పడుతుంది, అడగండి. అమావాస్య, పౌర్ణమికి అక్కడి బౌద్ధులు చాలామంది మాంసం ముట్టరు, హోయాన్ ఊళ్లో పౌర్ణమి రోజు మాకు పండగే.

కుక్కర్ అనవసరం, మూడు కిలోల బరువు మోశాం. చెనిక్కాయల పొడి మాత్రం అన్నంలోకి ఆదుకుంది. రోడ్డు దాటడం గురించి భయపెట్టారు గానీ, ఆగకుండా నిదానంగా నడిస్తే బైకులే తప్పుకుంటాయి. మా తిరుపతి లీలామహల్ సర్కిల్‌లో దాటినవాళ్లకు అదో లెక్కా?