జెర్సీ సిటీ పబ్లిక్ స్కూళ్ల గురించి అక్కడ పిల్లల్ని చదివిస్తున్నవాళ్లు చెప్పగలరా?

అందరికీ నమస్కారం. మా ఆయన ఉద్యోగరీత్యా జూన్‌లో హైదరాబాద్ నుంచి న్యూజెర్సీలోని జెర్సీ సిటీకి వస్తున్నాం. పాప ఏడో తరగతి, బాబుకి నాలుగేళ్లు.

అక్కడి స్కూళ్ల చరిత్ర చదివాక కాస్త టెన్షన్ పట్టుకుంది. 1989లో రాష్ట్ర ప్రభుత్వం ఆ స్కూల్ డిస్ట్రిక్ట్‌ను (ఊళ్లోని పబ్లిక్ స్కూళ్లను నడిపే వ్యవస్థ) స్థానిక బోర్డు చేతిలోంచి తీసేసుకుందట. పూర్తి అధికారం మళ్లీ స్థానికులకు వచ్చింది 2022లోనే. అంటే ముప్పై ఏళ్లు దాటింది! మరోపక్క పేద ప్రాంతాల స్కూళ్లకు తగినన్ని నిధులివ్వాలని న్యూజెర్సీ సుప్రీంకోర్టు ఇచ్చిన అబాట్ కేసు తీర్పుల పుణ్యమా అని మూడు, నాలుగేళ్ల పిల్లలకు రోజంతా ఉచిత ప్రీస్కూల్ ఉంది. ఇది నిజంగా గొప్ప విషయం, బాబుని అందులోనే వేయాలని నా ఆశ.

అధికారం తిరిగి వచ్చాక క్లాసులో చదువు ఏమైనా మారిందా? లెక్కలు, ఇంగ్లీషులో వెనకబడ్డ పిల్లల్ని విడిగా పట్టించుకుంటున్నారా?

పాప విషయమే నాకు ఎక్కువ దిగులు. మెక్‌నెయిర్ అకడమిక్ హైస్కూల్‌కి (ప్రతిభను బట్టి సీటిచ్చే అక్కడి పబ్లిక్ స్కూల్) ఎనిమిదో తరగతిలోనే అప్లై చేయాలంటున్నారు. మధ్యలో వచ్చిన పిల్లకు హైదరాబాద్ స్కూల్ మార్కులను లెక్కలోకి తీసుకుంటారా?

ఇంకొకటి. చేర్పించేటప్పుడు ఇంట్లో ఏ భాష మాట్లాడతారని అడుగుతారు కదా. తెలుగు అనే రాస్తాను, అబద్ధం రాయడం ఇష్టం లేదు. అలా రాస్తే ఇంగ్లీషు పరీక్ష పెట్టి వేరే క్లాసులో కూర్చోబెడతారా? మీ పిల్లలకు ఎలా జరిగిందో దయచేసి చెప్పండి.