ఇటర్‌కి క్యూ 1.14 వస్తా ఉంది, నేను యాడ తప్పు చేశాను?

కావలి, ఎమ్మెస్సీ స్టూడెంట్:
అందరికీ నమస్తే. సోమవారం నా సెమినార్, టాపిక్ టోకమాక్‌లో ప్లాస్మా ఇన్‌స్టెబిలిటీస్. టోకమాక్ అంటే బాగా వేడెక్కి కరెంటు పారే వాయువుని, అంటే ప్లాస్మాని, అయస్కాంత ఫీల్డ్‌తో రింగులాగా పట్టి ఉంచే ఫ్యూజన్ మెషీన్, ఇన్‌స్టెబిలిటీ అంటే ఆ ప్లాస్మా అదుపు తప్పడం. అంచు దగ్గర సేఫ్టీ ఫ్యాక్టర్ క్యూ 2 కంటే తగ్గితే ప్లాస్మా నిలవదని చదివాను. ఫార్ములా ఏందంటే 5 ఇంటూ చిన్న రేడియస్ స్క్వేర్ ఇంటూ ఫీల్డ్, దాన్ని పెద్ద రేడియస్ ఇంటూ కరెంటుతో భాగించాలి, రేడియస్‌లు మీటర్లలో, కరెంటు మెగా ఆంపియర్లలో. పెద్ద రేడియస్ అంటే రింగు నడిమి నుంచి ప్లాస్మా మధ్యకి దూరం, చిన్నదంటే ప్లాస్మా లావులో సగం. గాంధీనగర్ ఐపీఆర్ (ప్లాస్మా పరిశోధన సంస్థ)లోని ఆదిత్య టోకమాక్ సైజు తీసుకున్నా, పెద్ద రేడియస్ 75 సెంటీమీటర్లు, చిన్నది 25 సెంటీమీటర్లు, ఫీల్డ్ 0.75 టెస్లా, కరెంటు 80 కిలో ఆంపియర్లు అనుకుంటే 3.9 వచ్చింది, బాగుంది. అదే ఫార్ములాలో ఫ్రాన్స్‌లో కడుతున్న పెద్ద టోకమాక్ ఇటర్‌కి పెద్ద రేడియస్ 6.2 మీటర్లు, చిన్నది 2 మీటర్లు, 5.3 టెస్లా, 15 మెగా ఆంపియర్లు వేస్తే 1.14! మూడుసార్లు చేశాను, అంతే వస్తా ఉంది. అసలు ఆ 2 ఎట్టా వచ్చిందో కూడా నాకు సరిగ్గా అర్థం కాలేదు. ఎవరైనా చెప్పండి ప్లీజ్.

కందుకూరు, ఫిజిక్స్ లెక్చరర్:
అమ్మా, నీ లెక్క కరెక్టే, ఫార్ములానే ఇటర్‌కి సరిపోదు. అది ప్లాస్మాని అడ్డంగా కోస్తే గుండ్రంగా కనపడే సన్న రింగు కోసం రాసింది. 1989లో మొదలైన ఆదిత్యలో గుండ్రటి ప్లాస్మానే కాబట్టి నీకు అక్కడ సరిపోయింది. ఇటర్‌ది నిలువుగా సాగిన డి ఆకారం. ఆ సాగుదలని కప్పా అంటారు, 1.7 వేసుకో. 1 ప్లస్ కప్పా స్క్వేర్, బై 2, అంటే 1.94. నీ 1.14ని దాంతో గుణిస్తే 2.2 వస్తుంది. డి మూలలకీ, రింగు లావుకీ ఇంకో రెండు కరెక్షన్లు ఉన్నాయి, అవి కూడా వేస్తే 3 దగ్గరికి పోద్ది.

ఇంక 2 సంగతి. మీ పక్కనే జువ్వలదిన్నె, పడవ తాళ్లు చూసే ఉంటావు. మూరెడు నైలాన్ తాడు తీసుకుని ఒక కొస కిటికీ కమ్మీకి కట్టి, రెండో కొస పట్టుకుని పురి ఎక్కించుకుంటా పో, కొంతసేపు తిన్నగానే ఉంటుంది, ఆ తర్వాత చెయ్యి కొంచెం వదులు చేశావో లేదో మధ్యలో టక్కున సుడి లేస్తుంది. ప్లాస్మాలో కింక్ అంటే అదే. పెద్ద కాయిల్స్ ఫీల్డ్ రింగు వెంబడి పోతే, ప్లాస్మా కరెంటు పుట్టించే ఫీల్డ్ దానికి పురి పెడుతుంది. ఫీల్డ్ గీత చిన్న చుట్టు, అంటే రింగు లావు చుట్టూ, ఒకసారి తిరిగేలోపల పెద్ద రింగు ఎన్నిసార్లు తిరుగుతుందో అదే క్యూ, అంటే క్యూ తగ్గితే పురి ఎక్కువైనట్టు. ప్లాస్మాని పట్టి ఉంచేదీ ఆ కరెంటే, మితిమీరితే మెలి తిప్పి పడేసేదీ ఆ కరెంటే, సెమినార్‌లో ఈ ఒక్క ముక్క గట్టిగా చెప్పు. నీ ఆదిత్య లెక్కలోనే కరెంటు 160 చేసి చూడు, 1.95కి పడిపోద్ది.

ఒంగోలు నుంచి ఒకరు:
సార్ చెప్పిన తాడు పోలిక బాగుంది, ఒక్కచోట మాత్రం జాగ్రత్తమ్మా. తాడులో పురి అంతా ఒకటే, ప్లాస్మాలో నడుమ క్యూ 1 దగ్గర ఉండి అంచుకి పోయేకొద్దీ పెరుగుద్ది. క్యూ సరిగ్గా 2 అయిన చోట ఫీల్డ్ గీత రెండు రౌండ్లకి మళ్ళీ తన మీదకే వచ్చి కలుస్తుంది, అదే ఆకారంలో మెలిక లేస్తే ప్రతి రౌండ్‌కీ దానికి ఊతం దొరుకుతుంది, ఊయల్ని సమయానికి తోసినట్టు. క్రుస్కాల్, షఫ్రనోవ్ అనే శాస్త్రవేత్తల థియరీలో చెప్పిన హద్దు 1, కానీ మెషీన్లలో అంచు 2కి వచ్చేసరికే ఈ మెలిక లేచి డిస్రప్షన్ అయిపోద్ది, అంటే ప్లాస్మా ఒక్కసారిగా కూలిపోద్ది. నడుమ క్యూ 1 కంటే తగ్గిన చోట మాత్రం ప్లాస్మా పోదు, వేడి మెల్లగా ఎక్కి ఒక్కసారిగా పడుతుంది, ఎక్స్‌రే సిగ్నల్ రంపం పళ్ళలాగా కనిపిస్తుంది, సాటూత్ అంటారు. ఆ గ్రాఫ్ ఒకటి పెట్టు, అందరికీ వెంటనే ఎక్కుద్ది.

సింగరాయకొండ:
మధ్యలో వస్తున్నందుకు క్షమించాలి, డిస్రప్షన్ అంటే పేలుద్దా?

కందుకూరు, ఫిజిక్స్ లెక్చరర్:
పేలదు బాబూ. ఇటర్ అంతటి దాన్లో కూడా ఏ క్షణంలో చూసినా లోపల ఇంధనం గ్రాము కూడా ఉండదు, అదుపు తప్పితే ప్లాస్మా గోడకి తగిలి చల్లారిపోద్ది, రియాక్షన్ అక్కడే ఆగిపోద్ది. దెబ్బ మెషీన్‌కే. వేడంతా మిల్లీసెకన్లలో గోడ మీద పడుతుంది, కరెంటు ఒక్కసారిగా పడిపోతే పెద్ద పెద్ద బలాలు ఇనుము మీద పనిచేస్తాయి. అందుకే గడ్డకట్టిన నియాన్, హైడ్రోజన్ గుళికల్ని పగలగొట్టి ఆ ముక్కల్ని లోపలికి చిమ్మి, వేడి ఒకేచోట పడకుండా చుట్టూ వెలుతురుగా పోయేట్టు చేస్తారు. ఇటర్‌లో పెట్టేది ఈ పద్ధతే.

కావలి, ఎమ్మెస్సీ స్టూడెంట్:
సార్, కప్పా 1.7, డి మూలకి 0.33 వేసి చేశాను, 3.0 వచ్చింది! తాడు కూడా చేసి చూశాను, మా అమ్మ కూడా వచ్చి చూసింది. ఒక్క డౌట్. సాగదీస్తే అంత లాభం అయినప్పుడు ఇంకా సాగదీయొచ్చు కదా?

కందుకూరు, ఫిజిక్స్ లెక్చరర్:
మంచి ప్రశ్న, ఖచ్చితంగా అడుగుతారు. ఎంత సాగదీస్తే అంతగా ప్లాస్మా నిలువునా నిలవదు, కాస్త పైకి జరిగితే పైకే, కిందికి జరిగితే కిందికే పరిగెత్తుతుంది. దాన్ని క్షణక్షణం కనిపెట్టి కాయిల్స్‌తో వెనక్కి నెడుతూ ఉండాలి, ఆ కాయిల్స్ అందుకోలేనంత సాగదీస్తే పోయినట్టే. బోర్డు మీద 1.14, 2.2, 3.0 ఒకదాని కింద ఒకటి రాయి, పక్కనే కప్పా ఎంత వేశావో రాసి పెట్టు.