అప్‌డేట్: రక్తం కణజాలమేనని మా అమ్మాయి ఒప్పుకుంది

పోయిన వారం అడిగాను కదా, కారిపోయే రక్తాన్ని ఎముకతో జతచేసి సంయోజక కణజాలం (శరీరంలో భాగాలను కలిపి ఉంచే కణజాలం) అంటారేంటని తొమ్మిదో తరగతి చదివే మా అమ్మాయి నిలదీస్తోందని. మీలో ఒకరు చెప్పిన మాటే పనిచేసింది: కణాల మధ్య ఉండే పదార్థాన్ని, అంటే మాత్రికను చూడమనండి. ఎముకలో అది కాల్షియం లవణాలతో గట్టిపడింది, రక్తంలో అదే ప్లాస్మా, అంటే ద్రవం.

ఇంకొకరి సలహా విని ఆదివారం గుంటూరు పట్టాభిపురంలో చికెన్ కొట్టతన్ని అడిగి కోడికాళ్లు తెచ్చా. కోసిన చోట తెల్లటి తాడులా కనబడే స్నాయుబంధనాన్ని లాగితే వేళ్లు టక్కున ముడుచుకున్నాయి! కండరాన్ని ఎముకకు కట్టేది అదే, అదీ సంయోజక కణజాలమే. మా ఆవిడ వంటింట్లోకి రానివ్వలేదు, అంతా పెరట్లోనే. ఉపకళా (శరీర భాగాలను పొరలా కప్పేది), నాడీ కణజాలాలు ఇంకా మిగిలాయి. పరీక్షేమో గురువారం.