అప్‌డేట్: బెట్టింగ్ ఆడ్స్ అంకెల లెక్క తేలింది (కడప)

మా పిన్ని కొడుకు ఫోన్‌లో ఒకే క్రికెట్ జట్టుకు ఒకచోట 2.50, ఇంకోచోట 3/2, మరోచోట +150 అని ఆడ్స్ (గెలిస్తే పెట్టినదానికి ఎంత వస్తుందో చెప్పే అంకెలు) చూసి, వీటిలో ఏది ఎక్కువని అడిగాను కదా. మూడూ ఒకటే! జవాబిచ్చిన అందరికీ చాలా థాంక్స్.

2.50 అంటే వంద పెట్టి గెలిస్తే, ఆ వందతో కలిపి 250 చేతికొస్తుంది. 3/2 బ్రిటన్ పద్ధతి: రెండు పెడితే మూడు లాభం, అసలు వేరు. +150 అమెరికా వాళ్లది: వందకు 150 లాభం. మైనస్ ఉంటే తిరగేసి చదవాలి. -150 అంటే వంద లాభం కోసం 150 పెట్టాలి.

అన్నిటికన్నా పనికొచ్చింది ‘వందను 2.50 లాంటి ఆడ్స్‌తో భాగించు, ఆ జట్టు గెలిచే అవకాశం ఎంత శాతమని ఆ అంకె చెబుతోందో తెలుస్తుంది’ అన్న సలహా. తమ్ముణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని నోట్‌బుక్‌లో వేయించాను. సమానమైన రెండు జట్లకు చెరి 1.90 ఇస్తే ఒక్కోదానికి 52.63 శాతం. కలిపితే 105.26. వంద దాటకూడదు కదక్కా అన్నాడు. రెండు వైపులా చెరి వంద పెట్టి చూడమన్నాను. పెట్టింది 200, ఏ జట్టు గెలిచినా వచ్చేది 190. మిగతా పది నడిపేవాడికే. వాడు పెన్ను పక్కన పెట్టి చాలాసేపు ఆ పేజీనే చూశాడు.

మన రాష్ట్రంలో 2020 నుంచి ఆన్‌లైన్ బెట్టింగ్ నేరమని కూడా చెప్పాను. యాప్ తీసేశాడు. ప్రొద్దుటూరు స్నేహితుడికి వాడు తీర్చాల్సిన బాకీ మాత్రం అలాగే ఉంది. బాబాయికి ఈ ఆదివారం ఇద్దరం కలిసే చెబుతాం.