బిట్లు లెక్కపెట్టడానికి ఏవీఎక్స్-512: చిన్న బఫర్లను ఏం చేయాలి?

సీ భాషలో రాసిన ఒక డేటాబేస్ ఇంజిన్‌లో బిట్‌మ్యాప్ ఇండెక్స్ (ఒక్కో వరుసకు ఒక బిట్ పెట్టి, షరతుకు సరిపోతే 1 అని గుర్తించే సూచిక) భాగం చూస్తున్నాను. ఎన్ని వరుసలు సరిపోయాయో చెప్పాలంటే బిట్‌మ్యాప్‌లో ఎన్ని 1లు ఉన్నాయో లెక్కపెట్టాలి. ఇప్పటిదాకా మామూలు పాప్‌కౌంట్ (1లను లెక్కపెట్టే) ఇన్‌స్ట్రక్షన్‌తో ఒక్కోసారి 64 బిట్లు లెక్కిస్తున్నాం.

ఏవీఎక్స్-512 (ప్రాసెసర్‌లో ఒకేసారి 512 బిట్ల మీద పనిచేసే ఇన్‌స్ట్రక్షన్లు)లోని వెక్టర్ పాప్‌కౌంట్ ఒకేసారి 64 బైట్లు చూస్తుంది. 8 కేబీ పేజీ మీద తేడా బాగానే ఉంది. తలనొప్పంతా 8, 16 బైట్ల ముక్కలతోనే. పాత ప్రాసెసర్లలోనూ ఇదే బైనరీ నడవాలి కాబట్టి, మొదట్లోనే సీపీయూఐడీతో ప్రాసెసర్‌లో ఏ సౌకర్యాలున్నాయో చూసి, ఆపరేటింగ్ సిస్టమ్ జెడ్ఎంఎం (512 బిట్ల) రిజిస్టర్లను భద్రపరుస్తోందో లేదో కూడా చూసుకుని, ఏ రకం కోడ్ నడవాలో చెప్పే ఫంక్షన్ పాయింటర్ పెడుతున్నాం. దాంతో ఇన్‌లైన్ (ఫంక్షన్‌ను పిలవకుండా దాని కోడ్‌ను అక్కడే కలిపేసే) అవకాశం పోయింది. చిన్న ముక్కలకు ఆ పిలుపు ఖర్చే లెక్కింపు ఖర్చును మించిపోతోంది. కంపైలర్‌కు మార్చ్ నేటివ్ (కంపైల్ చేసే మెషీన్‌కే తగ్గట్టు కోడ్ తయారుచేసే ఆప్షన్) ఇవ్వమని మాత్రం చెప్పకండి, బైనరీ ఎవరి మెషీన్‌లో నడుస్తుందో మా చేతుల్లో లేదు.

ఒక హద్దు పెట్టి, దానికంటే చిన్నవాటిని ఇన్‌లైన్ లూప్‌లోనే తేల్చేయాలనుకుంటున్నా. ఆ హద్దును మీరు ఎలా నిర్ణయిస్తారు? చివర మిగిలే బైట్లకు మాస్క్ లోడ్ (కావలసిన బైట్లనే చదివి మిగతావి మూసేసేది) మేలా, విడిగా స్కేలార్ లూప్ (ఒక్కో విలువనే చూసేది) మేలా? మాస్క్‌తో మూసిన బైట్లు పక్క పేజీలో పడినా ఫాల్ట్ (మెమరీ లోపం) రాదు కాబట్టి నా మొగ్గు దానివైపే.

ఇంకొకటి. ఏవీఎక్స్2 (256 బిట్ల పాత తరం)లో వెక్టర్ పాప్‌కౌంట్ లేదు. 4 బిట్ల టేబుల్‌ని షఫుల్ (బైట్లను ఏరి అమర్చే ఇన్‌స్ట్రక్షన్)తో చూసి కూడే పద్ధతి 8 కేబీకి సరిపోతుందా, హార్లీ-సీల్ (చాలా పదాల బిట్లను ముందు కలిపి కుదించి, ఆపై తక్కువసార్లు లెక్కపెట్టే పద్ధతి) దాకా వెళ్లాలా? నిజమైన క్వెరీల మీద కొలిచినవాళ్లు చెబితే ఇంకా మంచిది.