క్యూ అక్షరం గల ఆంగ్ల దీర్ఘపదాలు: మన చతుర్, పంచ, సచివ శబ్దాలతో వాటి చుట్టరికం

ప్రశ్న (గుణుపురం నుండి ఒక ఉపాధ్యాయిని):

మాస్టారూ, మా పాఠశాలలో తొమ్మిదవ తరగతి పిల్లలకు ఆంగ్ల పదాల పోటీ పెడుతున్నాము. క్యూ అక్షరం ఉన్న పెద్ద పదాలు, వాటి అర్థాలు కావాలి. పిల్లలలో చాలామంది ఇంట్లో తెలుగు మాట్లాడుతూ బడిలో ఒడియా చదువుకుంటున్నవారు. బట్టీ పట్టించకుండా నేర్పే దారి ఉంటే దయచేసి చెప్పగలరు.

సమాధానం (పర్లాకిమిడి నుండి):

అమ్మా, మీ పిల్లలకు తెలుగు, ఒడియా రెండూ వచ్చి ఉండడం ఈ పనికి ఎంతో కలిసివచ్చే సంగతి. క్యూ గల ఆంగ్ల దీర్ఘపదాలలో అధికభాగం లాటిన్ నుండి, కొన్ని నేరుగాను కొన్ని ఫ్రెంచి మీదుగాను, వచ్చినవి. లాటిన్, సంస్కృతం ఒకే మూలభాష సంతతి కనుక, లాటిన్‌లో క్యూ ఉన్న చోట సంస్కృతంలో తరచుగా చకారమో కకారమో కనిపిస్తుంది. నాలుగును లాటిన్‌లో క్వాట్టుఓర్ అంటారు, సంస్కృతంలో చతుర్. ఒడియా వారి చారి కూడా ఆ కుదురులోదే. మన నాలుగు ద్రావిడపదం కాబట్టి ఆ వరుసలో చేరదు గాని, చతుర్భుజం, చతుష్పాదం వంటి మాటలు తెలుగు పిల్లలకూ పరిచితాలే. అందువల్ల పదమూడు అక్షరాల క్వాడ్రిలేటరల్‌ను క్వాడ్రి, లేటరల్ అని విడదీసి చూపితే, అది నాలుగు పక్కలు గలదని, అంటే మన చతుర్భుజమేనని, వారు తామే చెప్పగలరు. క్వాడ్రజెనేరియన్ అంటే నలభైలలో ఉన్న వ్యక్తి. క్వారంటైన్ కూడా ఈ నలభై నుండి పుట్టినదే: అంటువ్యాధులకు జడిసి వెనిస్ నగరంవారు వచ్చిన ఓడలను నలభై రోజులు దూరంగా నిలిపి ఉంచేవారు.

ఐదుకు లాటిన్‌లో క్వింక్వె, సంస్కృతంలో పంచ. మూలభాషలో ఈ పదానికి మొదట ఉన్నది పకారమే; లాటిన్‌లో అది వెనుక వచ్చే ధ్వనికి అనుగుణంగా మారిపోయింది. క్వింక్వజెనేరియన్ అంటే యాభైలలో ఉన్న వ్యక్తి. ఇదే కుటుంబంలోని క్వింటెసెన్షియల్‌ను పిల్లలకు కొంచెం నిదానంగా చెప్పండి. భూమి, నీరు, నిప్పు, గాలి అనే నాలుగింటికి పైన ఐదవది ఒకటి ఉన్నదని, ఆకాశమండలమంతా దానితో ఏర్పడినదని ప్రాచీన గ్రీకు తాత్త్వికులు కొందరు తలచారు. మధ్యయుగపు లాటిన్ పండితులు దానిని ఐదవ సారం అన్నారు. పంచభూతాలలో ఆకాశాన్ని చేర్చి లెక్కించే మన పిల్లలకు ఈ భావం కొత్త కాదు. ఇప్పుడు ఆ పదానికి ఒక జాతి అంతటికీ అచ్చమైన నమూనాగా నిలిచినది అని అర్థం.

నాకు అన్నిటికన్నా ఇష్టమైనది సెక్వి అనే ధాతువు. వెంట నడవడం దాని అర్థం. సంస్కృతంలో దీనికి తోబుట్టువైన ధాతువు సచ్. దాని నుండి వచ్చినదే సచివుడు, అంటే వెంట ఉండేవాడు, తోడు, మంత్రి. భువనేశ్వర్‌లోను అమరావతిలోను సచివాలయం అని మనం రోజూ వింటున్న మాటకు, ఆంగ్లంలోని కాన్సిక్వెన్స్‌కు బంధుత్వం ఉన్నదంటే పిల్లలు కళ్లు విప్పి చూస్తారు. కాన్సిక్వెన్స్ అంటే ఒక పని వెంట వచ్చే ఫలితం. ఇన్‌కాన్సిక్వెన్షియల్ అంటే వెంట ఏదీ రానిది, లెక్కలోకి రానిది. దీనికి పదిహేను అక్షరాలు. అబ్సీక్వియస్ అంటే అతిగా వెంటపడి వంగి వంగి నడుచుకునే వ్యక్తి స్వభావం.

సెస్క్వి అంటే ఒకటిన్నర, ఒడియాలో దేఢ. సెస్క్విపెడేలియన్‌కు అక్షరార్థం అడుగున్నర పొడవు గలది అని. మితిమీరి పెద్దవైన మాటలను లాటిన్ కవి హొరేస్ అలా పిలిచాడు. పదహారు అక్షరాల సెస్క్విసెంటెనియల్ నూటయాభై ఏండ్ల ఉత్సవం. దీనికి మన ఊరి ఉదాహరణ ఇవ్వండి: పర్లాకిమిడి రాజావారి పాఠశాలలోను, తరువాత కళాశాలలోను బోధించిన గిడుగు రామమూర్తి పంతులుగారు 1863 ఆగస్టు 29న జన్మించారు కాబట్టి ఆయన సెస్క్విసెంటెనియల్ 2013లో వచ్చింది. ఆయనను తలచుకుంటూనే కలోక్వియలిజం నేర్పవచ్చు. లోక్వి అంటే పలకడం, ముందున్న భాగానికి కలిసి అని అర్థం. నలుగురు కలిసి మాట్లాడుకునే వాడుక ప్రయోగం అన్నమాట. పంతులుగారు పట్టుబట్టి పోరాడినది సరిగ్గా ఆ వాడుక భాష కోసమే. గ్రాండిలోక్వెన్స్ ఆడంబరపు పలుకు, సోలిలోక్వీ ఒంటరిగా పలికే స్వగతం. పెదవులు కదలకుండా మాట్లాడేవాడిని వెంట్రిలోక్విస్ట్ అంటారు. ఆ మాట పొట్టలోంచి వస్తున్నదని పూర్వులు భావించడం వల్ల పొట్టతో పలికేవాడు అని పేరు వచ్చింది.

ఒక్క చోట మాత్రం జాగ్రత్త అవసరం. ఈక్వ్ అని మొదలయ్యే పదాలు రెండు జాతులు. ఈక్విలిబ్రియం అంటే త్రాసు సమంగా నిలవడం, ఈక్వనిమిటీ అంటే సమచిత్తం, ఈక్వివొకేషన్ అంటే రెండు అర్థాలకూ సమంగా చెల్లేలా మాట్లాడి సత్యాన్ని దాటవేయడం. వీటన్నిటిలోనూ ఉన్నది సమానం. ఈక్వెస్ట్రియన్, ఈక్విటేషన్ మాత్రం గుర్రానికి చెందినవి. ఆ లాటిన్ పదం మన అశ్వానికి చుట్టం.

ప్రశ్న (గుణుపురం నుండి):

చాలా సంతోషం, మాస్టారూ. అయితే క్వీన్, క్విక్‌సిల్వర్, క్వినైన్ కూడా ఇలాగే విడదీయవచ్చునా? మా మన్యం ప్రాంతపు పిల్లలకు క్వినైన్ పేరు ఇంట్లోనే తెలుసు.

సమాధానం (పర్లాకిమిడి నుండి):

కూడదమ్మా, వాటి దారులు వేరు. క్వీన్, క్విక్ అచ్చమైన ఆంగ్లపదాలు. పాత ఆంగ్లంలో వీటిని సీ, డబ్ల్యూ అక్షరాలతో వ్రాసేవారు. 1066లో నార్మన్లు ఇంగ్లండును జయించిన తరువాత ఫ్రెంచి అలవాటుగల లేఖకులు ఆ స్థానంలో క్యూ, యూ పెట్టారు. క్విక్‌కు మొదటి అర్థం వేగం కాదు, ప్రాణం కలిగినది అని; సంస్కృతంలో దాని బంధువు జీవ శబ్దం. అందుకే పాదరసానికి క్విక్‌సిల్వర్, అంటే ప్రాణమున్న వెండి, అని పేరు వచ్చింది. ఇక్కడ చకారం బదులు జకారం వచ్చిందేమని తెలివైన పిల్లవాడు అడిగితే, ఇక్కడి క్యూ లాటిన్ క్యూ కాదని, లేఖకులు తగిలించినదని చెప్పండి.

క్వినైన్‌లోని క్విన్‌కు ఐదుతో సంబంధం లేదు. దక్షిణ అమెరికాలోని ఆండీస్ పర్వతాలలో మాట్లాడే కెచువా భాషలో బెరడును కినా అంటారు. సింకోనా చెట్టు బెరడు నుండి తీసిన మందు కనుక స్పానిష్ భాష మీదుగా ఆ పేరు వచ్చింది. పోటీలో ఐదుకు సంబంధించిన పదాలను ఏరమన్నప్పుడు క్వింటెసెన్షియల్ పక్కనే క్వినైన్‌ను కూడా ఉంచండి. పదాన్ని విడదీసి చూసినవారెవరో, మొదటి అక్షరాలను బట్టి ఊహించినవారెవరో మీకు అక్కడే తెలిసిపోతుంది.